స్పేస్ 1999 మళ్లీ చూస్తున్నా, వారానికి ఒక్క ఎపిసోడే. ఎవరైనా తోడొస్తారా?

పెన్నాఒడ్డు · శనివారం రాత్రి 11:20

ఇప్పుడే మొదటి ఎపిసోడ్ అయిపోయింది. నిద్ర పట్టేలా లేదు, అందుకే ఈ థ్రెడ్.

తెలియనివాళ్ల కోసం: స్పేస్ 1999 ఒక బ్రిటిష్ సీరియల్. 1975 నుంచి 77 దాకా వచ్చింది. రెండు సీజన్లు, ఒక్కోదానికి 24 చొప్పున 48 ఎపిసోడ్లు. భూమ్మీది అణువ్యర్థాలన్నీ తీసుకెళ్లి చంద్రుడి అవతలి వైపు పోస్తుంటారు. 1999 సెప్టెంబరు 13న ఆ చెత్త పేలుతుంది. ఆ దెబ్బకి చంద్రుడు కక్ష్య వదిలేసి, మూన్‌బేస్ ఆల్ఫాలో ఉన్న 311 మందిని మోసుకుంటూ ఎటో వెళ్లిపోతాడు. వారానికో గ్రహం, వారానికో గండం. అంతే కథ.

అప్పట్లో మా నాన్నగారు బర్మింగ్‌హామ్‌లో డాక్టరు. మేముండేది రెండు గదుల్లో. టీవీ కొన్నది కాదు, నెల అద్దెకు తెచ్చుకున్నది, బ్లాక్ అండ్ వైట్. నాకు ఎనిమిదేళ్లు, నెల్లూరు నుంచి వెళ్లి ఏడాది కూడా కాలేదు. ఇంగ్లిషు సగం సగం. అమ్మ వంటగదిలోంచి "ఏరా, చంద్రుడు ఎక్కడిదాకా పోయాడు?" అని అరిచేది. నేను అర్థమైనంత చెప్పేవాణ్ని, అర్థం కానిది కల్పించేవాణ్ని.

ఇవాళ చూస్తుంటే ఒక సంగతి తెలిసి నవ్వొచ్చింది. ఆల్ఫా వాళ్ల యూనిఫాంలో ఎడమ చేతి స్లీవ్ ఒక్కటే వేరే రంగు. కమాండర్ కోనిగ్‌ది నలుపు, డాక్టర్ హెలెనాది తెలుపు, పైలట్ కార్టర్‌ది నారింజ. ఎవరు ఏ విభాగమో దాన్ని బట్టి చెప్పెయ్యొచ్చు. యాభై ఏళ్లుగా నాకీ సంగతే తెలీదు! మా అద్దె టీవీలో అన్ని చేతులూ బూడిద రంగే.

శనివారం శనివారం చూద్దామని. వరసబెట్టి చూడటం నాకిష్టం లేదు. వారం ఆగితేనే మజా.

బెల్‌బాటమ్_బాబాయ్ · ఆదివారం ఉదయం 7:05

స్లీవ్ సంగతి సరే, ప్యాంట్ల సంగతి చెప్పరేం సార్? చంద్రమండలం మీద కూడా బెల్‌బాటమ్‌లే. ఆ బట్టలు రూపొందించింది రూడీ గెర్న్‌రైక్ అనే పెద్ద ఫ్యాషన్ డిజైనర్. ఆడా మగా అందరికీ ఒకటే యూనిఫాం అని ఆయన లెక్క. 1999లో కూడా జనం బెల్‌బాటమ్ తొడుక్కుంటారని ఆయనకున్న నమ్మకానికి నా దండం. 1999లో నేను మాత్రం కార్గోల్లో తిరిగాను.

నేనొస్తున్నా. ఎపిసోడ్ రెండు శనివారమేగా?

కక్ష్య · ఆదివారం ఉదయం 9:48

నేను ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి మొదటే నా గోల వినిపించేస్తాను, తర్వాత నోరు మూసుకుని చూస్తాను.

చంద్రుడు భూమి చుట్టూ సెకనుకు కిలోమీటరు వేగంతో తిరుగుతున్నాడు. భూమి పట్టు వదిలించుకోవాలంటే ఇంకో 400 మీటర్ల పైచిలుకు కావాలి. చిన్న సంఖ్యలాగే ఉంటుంది. కానీ అక్కడ తొయ్యాల్సిన బరువు 7 పక్కన 22 సున్నాలు పెడితే వచ్చేన్ని కిలోలు. అంత తోపు తోసే పేలుడు జరిగితే, 311 మంది లేచి తల కట్టు కట్టుకుని కంప్యూటర్ ముందు కూర్చోవడం సంగతి దేవుడెరుగు. పైగా భూమి పట్టు వదిలినా సూర్యుడి పట్టు ఉంటుంది. అదీ వదిలిందనుకుందాం, పక్క నక్షత్రం 4.2 కాంతి సంవత్సరాల దూరం. వాయేజర్ అంతరిక్ష నౌక వేగంతో పోయినా 70 వేల ఏళ్లు దాటుతుంది. వీళ్లు వారానికోటి చూసేస్తున్నారు. సీరియల్ వచ్చిన రోజుల్లోనే సైన్స్ ఫిక్షన్ రచయిత ఐజాక్ అసిమోవ్ కూడా ఈ సైన్సును ఉతికేశాడు.

అయిపోయింది. శనివారం నేనూ ఉంటాను.

బెల్‌బాటమ్_బాబాయ్ · ఆదివారం ఉదయం 10:02

మేడమ్, పుష్పక విమానంలో ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుంటుందని విన్నప్పుడు బరువులు లెక్కేశామా?

కక్ష్య · ఆదివారం ఉదయం 10:10

మీరు వెయ్యలేదు. నేను వేశాను, మా నానమ్మ చేత తిట్లు తిన్నాను.

టేపురికార్డర్ · ఆదివారం రాత్రి 8:31 (న్యూజెర్సీ)

పెన్నాఒడ్డు గారూ, మీరు చూస్తున్నది హెచ్‌డీ ప్రింటేనా? అయితే ఈగిల్ దిగే సీన్లు ఆపి ఆపి చూడండి.

ఈగిల్ అంటే వీళ్ల రవాణా నౌక. ముందొక ముక్కు, మధ్యలో మార్చుకోగలిగే డబ్బా, చుట్టూ కడ్డీల పంజరం. రూపొందించినవాడు బ్రయాన్ జాన్సన్. అన్నిటికన్నా పెద్ద మోడల్ 44 అంగుళాలు, అంటే నాలుగడుగులకు కాస్త తక్కువ. పంజరం ఇత్తడి గొట్టాలతో అతికించింది. పైన కనిపించే పైపులూ పెట్టెలూ చాలావరకు పిల్లల ప్లాస్టిక్ మోడల్ కిట్లలోంచి పీకి అంటించినవి. దిగేటప్పుడు కింద దుమ్ము లేస్తుంది చూడండి, అది మోడల్ లోపల దాచిన గ్యాస్ సిలిండర్ పని.

ఇంకో ముచ్చట. నక్షత్రాలు, గ్రహం, నౌక, మూడూ ఒకే ఫ్రేములో కనిపించాలంటే అప్పట్లో మామూలు పద్ధతి విడివిడిగా తీసి ల్యాబులో కలపడం. అలా కలిపితే బొమ్మ మసకబారుతుంది. జాన్సన్ బృందం ఏం చేసిందంటే, ఒకటి తీశాక అదే ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పి, దాని మీదే రెండోది, మళ్లీ తిప్పి మూడోది తీసేవాళ్లు. చివర్లో చెయ్యి వణికితే మొదట్నుంచీ మళ్లీ. అందుకే ఇవాళ్టికీ బొమ్మ గాజులా ఉంటుంది. తర్వాత ఆయన ఏలియన్ సినిమాకి పనిచేసి ఆస్కార్ పంచుకున్నాడు.

నా డిస్కుల గోల కూడా చెప్పుకోవాలి. పూర్తి సెట్ ఒకటి ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మితే ఎగబడి కొన్నా. తీరా అది యూరప్ రీజియన్ కోడ్‌ది, నా ప్లేయర్ మొహం కూడా చూడలేదు. వాపసు తీసుకోమంటే "సీల్ తీశారు కదా" అన్నాడు. సీల్ తీయకుండా రీజియన్ ఎలా తెలుస్తుందో నాకిప్పటికీ అర్థం కాలేదు. చివరికి డిస్కుల కోసం ఇంకో ప్లేయర్ కొన్నా. ఇంట్లో ఈ సంగతి చెప్పలేదు, మీరూ చెప్పకండి.

జగ్గడు_2004 · సోమవారం మధ్యాహ్నం 1:15

అన్నలూ అక్కలూ, ఏమీ అనుకోవద్దు. మీ మాటలు చదివి నిన్న ఇరవై నిమిషాలు చూశా. ఒకాయన కారిడార్‌లో నడుస్తాడు. తలుపు దగ్గర ఆగుతాడు. నడుముకున్న డబ్బా తీసి నొక్కుతాడు. తలుపు తెరుచుకుంటుంది. లోపల ఇంకో కారిడార్. వన్ పాయింట్ ఫైవ్ స్పీడ్‌లో పెట్టినా స్లో. ఇది నోస్టాల్జియా తప్ప ఇంకేమన్నా ఉందా ఇందులో?

పెన్నాఒడ్డు · సోమవారం సాయంత్రం 6:40

జగ్గూ, ఆ నడుముకున్న డబ్బా పేరు కామ్‌లాక్. తాళంచెవి అదే, ఫోనూ అదే. దాని మీద అంగుళమంత టీవీ తెర, అవతలివాళ్ల మొహం కనబడుతుంది. మా ఇంట్లో ఫోనే లేని రోజులవి. ఫోన్ చెయ్యాలంటే కిందికి దిగి వీధి చివర ఎర్ర డబ్బాలో చిల్లర వెయ్యాలి. నేను సబ్బు పెట్టెకు నల్ల కాగితం అంటించి నడుముకు కట్టుకున్నాను. ఆ తలుపు తెరుచుకోవడం మాకు కారిడార్ కాదు నాయనా, క్లైమాక్స్.

అయినా నువ్వన్నది పూర్తిగా తప్పని అనను. కంప్యూటర్ చూడు. అంత పెద్ద గోడ నిండా దీపాలు, తీరా జవాబు వచ్చేది కిరాణా కొట్టు బిల్లంత కాగితం ముక్క మీద. అది చింపి చదివి అందరూ గంభీరంగా మొహాలు చూసుకుంటారు. నిన్న నేనూ నవ్వాను.

రాత్రిడ్యూటీ · మంగళవారం ఉదయం 5:50 (లీడ్స్)

డ్యూటీ దిగి చదువుతున్నా. మీ అందరికీ స్పేస్ 1999 అయితే, మా ఆయనకి బ్లేక్స్ 7. పెళ్లైన కొత్తలో చూపించాడు. అప్పుడు పారిపోదామనుకున్నా, ఇప్పుడు నేనే మూడోసారి చూస్తున్నా.

బీబీసీ సీరియల్, 1978 జనవరిలో మొదలై 1981 డిసెంబరులో అయిపోయింది. 52 ఎపిసోడ్లు. రాసినవాడు టెర్రీ నేషన్, డాక్టర్ హూ అనే ఇంకో బీబీసీ సీరియల్‌లో డాలెక్‌లనే విలన్లను పుట్టించినాయన. ఇందులో హీరోలు మంచోళ్లు కాదు. దొంగ, మోసగాడు, స్మగ్లర్, మధ్యలో ఆశయం పిచ్చి ఉన్న బ్లేక్. వాళ్లలో ఏవన్ అనే కంప్యూటర్ మోసగాడు (పాల్ డారో) మాట్లాడే ప్రతి మాటా వెటకారమే. మా వార్డులో సీనియర్ ఒకరు అచ్చం అలాగే మాట్లాడతారు, ఎవరన్నది చెప్పను.

సెట్లు ఊగుతాయి. ఏ గ్రహం మీద దిగినా అదే రాళ్ల క్వారీ. కానీ చివరి ఎపిసోడ్! క్రిస్మస్‌కి నాలుగు రోజుల ముందు, డిసెంబరు 21న వేశారు. పిల్లలు చూస్తారని కూడా చూడకుండా అందరినీ

వేదిక_నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 8:00

పై టపాలో చివరి వాక్యం తీసేశాను. స్పాయిలర్.

రాత్రిడ్యూటీ · మంగళవారం సాయంత్రం 7:12

ఆ ఎపిసోడ్ వచ్చినప్పుడు పుట్టినోళ్లకి ఇప్పుడు మోకాళ్ల నొప్పులు సార్! ఇంకా స్పాయిలరా?

టేపురికార్డర్ · మంగళవారం రాత్రి 9:05 (న్యూజెర్సీ)

నిర్వాహకుడు గారి పక్షమే నేను. ఆ ముగింపు తెలియకుండా చూసే భాగ్యం ఎవరికైనా మిగిలి ఉంటే మిగలనివ్వండి.

రాత్రిడ్యూటీ గారూ, బ్లేక్స్ 7లో ఒకటి గమనించారా? గదిలో ఉన్నంతసేపు బొమ్మ ఒకలా ఉంటుంది, బయటికి అడుగు పెట్టగానే లోకమే మారిపోతుంది. ఆ రోజుల్లో బీబీసీ స్టూడియో లోపల వీడియో కెమెరాలతో, బయట 16 ఎంఎం ఫిల్ముతో తీసేది. డాక్టర్ హూ కూడా అంతే. వీడియోలో తీసినదాన్ని ఎంత కడిగినా అప్పటి టీవీ బొమ్మకుండే 625 అడ్డగీతలే, అంతకుమించి వివరం రాదు. స్పేస్ 1999 లోపలా బయటా మొత్తం 35 ఎంఎం ఫిల్ము, సినిమాలాగే. అందుకే దీనికి నిజమైన హెచ్‌డీ వచ్చింది, దానికి రాదు. పాతవాటిలో ఏది ఎలా మిగులుతుందన్నది చాలావరకు కథ గొప్పతనం కాదు, ఏ డబ్బాలో తీశారన్నదే. అరవైల నాటి డాక్టర్ హూ టేపులు బీబీసీ చెరిపి మళ్లీ వాడుకుంది. దాదాపు వంద ఎపిసోడ్లు పోయాయి.

పాలమూరు_పిల్లోడు · బుధవారం రాత్రి 10:25

నాలుగు రోజుల నుంచి చదువుతున్న, రాయాలా వద్దా అని.

నేను వీటిలో ఒక్కటి కూడా అప్పుడు చూడలేదు. మాకు ఎక్కడివి? కానీ మీరు 1975 అనంగనే నాకు ఒకటి యాదికొచ్చింది. ఆ ఏడు ఆగస్టుల మా ఊరికి టీవీ వచ్చింది. మహబూబ్‌నగర్ జిల్లా, అప్పుడు కరెంటు కూడా ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. పంచాయతీ ఆఫీసు ముందర పెట్టిన్రు. పక్కనే పది అడుగుల గొడుగు లాంటిది, కోళ్ల గూటికి కొట్టే జాలీ ఉంటది గదా, దానితో చేసింది. దాన్ని ఆకాశం దిక్కు తిప్పి పెట్టిన్రు. "గీ జాలీల బొమ్మ పడ్తదా?" అని మా తాత నవ్విండు. సాయంత్రం బొమ్మ పడ్డది. తెలుగుల మాట్లాడింది.

దాన్నే సైట్ ప్రయోగం అన్నరు. పెద్దయినంక చదివి తెలుసుకున్న. నాసా వాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహం, భూమికి 36 వేల కిలోమీటర్ల పైన. ఇస్రో దాన్ని ఏడాదికి వాడుకున్నది. ఆరు రాష్ట్రాల్ల 2,400 ఊర్లు. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం రైతులకు. ఎరువులు, పశువులు, కుటుంబ నియంత్రణ, నడుమ నడుమ పాటలు. మేం ముందల మట్టిల కూసుండేటోళ్లం, ఆడోళ్లు ఎడమ దిక్కు, పెద్దమనుషులు అరుగు మీద.

1976 జూలై ఆఖరుకు ఏడాది ఒప్పందం అయిపోయింది. అమెరికా వాళ్లు ఉపగ్రహాన్ని మళ్ల తమ దిక్కు జరుపుకున్నరు. మర్నాడు మేం పోయి కూసున్నం. తెర మీద చుక్కలు చుక్కలు, సర్రుమని చప్పుడు. ఒకడు జాలీని అటు ఇటు తిప్పి చూసిండు. రెండు మూడు రోజులు పోయినం అట్లనే.

మీ సీరియల్‌ల చంద్రుడు పోయిండంటున్నరు గదా. మాకు నిజంగనే పోయింది ఒకటి ఆకాశంలకెళ్లి.

శనివారం నేను కూడా చూస్త. మొదటిసారి.

కక్ష్య · బుధవారం రాత్రి 10:58

ఈ టపా మూడుసార్లు చదివాను. ఏటీఎస్-6 గురించి ప్రతి ఏడూ క్లాసులో చెప్పేదాన్ని, తొమ్మిది మీటర్ల యాంటెన్నా, భూస్థిర కక్ష్య, 1975లో దాన్ని ఆఫ్రికా పైకి జరపడం, అన్నీ బోర్డు మీద గీసేదాన్ని. కింద ఎవరు కూర్చున్నారో ఎప్పుడూ ఆలోచించలేదు. అన్నా, ఆ జాలీ తర్వాత ఏమైంది?

పాలమూరు_పిల్లోడు · గురువారం ఉదయం 6:30

ఏమైతది అక్కా, కోళ్ల గూటికే పోయింది.

బెల్‌బాటమ్_బాబాయ్ · గురువారం ఉదయం 7:15

దీని తర్వాత జోకు వెయ్యబుద్ధి కావట్లేదు గానీ, అలవాటు. మా హైదరాబాద్‌కి దూరదర్శన్ 1977లో వచ్చింది. మేం సైన్స్ ఫిక్షన్ చూసింది ఎనభైల మధ్యలో, ఆదివారం ఉదయం స్టార్ ట్రెక్. అది అరవైలలో తీసింది, మాకు కొత్తదే. తల స్నానం చేసి, నూనె కారుతుంటే మిస్టర్ స్పాక్ ముందు కూర్చునేవాళ్లం. అవతలి గదిలో నాన్న "ఆ చెవుల వాడు ఇంకా ఉన్నాడా" అని అడిగేవాడు.

టేపురికార్డర్ · గురువారం రాత్రి 8:47 (న్యూజెర్సీ)

ఇక్కడి పాత సీరియల్స్ గురించి రెండు ముక్కలు, ఎలాగూ దారి తప్పాం కదా.

బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా, 1978. ఎపిసోడ్‌కి సుమారు పది లక్షల డాలర్లు, అప్పటి టీవీకి కళ్లు తిరిగే ఖర్చు. సెప్టెంబరు 17న మొదటి ప్రసారం. మధ్యలో ఆపేసి వార్తల్లోకి వెళ్లారు. క్యాంప్ డేవిడ్‌లో ఈజిప్ట్, ఇజ్రాయెల్ ఒప్పందం మీద సంతకాలు, పక్కన అధ్యక్షుడు కార్టర్. అంటే ఒక కార్టర్ ఈగిల్ నడిపాడు, ఇంకో కార్టర్ గెలాక్టికా ఆపాడు. ఇవాళ చూస్తే అది నాకు ఆనదు. అవే అంతరిక్ష యుద్ధం షాట్లు ప్రతివారం తిప్పి తిప్పి వేస్తారు.

సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్ టైటిల్స్‌లో ఒక విమానం నేలకు గుద్దుకుని పల్టీలు కొడుతుంది కదా, అది సెట్ కాదు. 1967 మే 10న ఎం2-ఎఫ్2 అనే రెక్కల్లేని నాసా ప్రయోగ విమానం నిజంగా కూలిన ఫిల్ము. పైలట్ బ్రూస్ పీటర్సన్ బతికాడు, ఒక కన్ను పోయింది. ఆ తర్వాత ఆ సీరియల్ వచ్చిన ప్రతివారం తన ప్రమాదమే టీవీలో. చిన్నప్పుడు ఆ సీన్‌కి చప్పట్లు కొట్టాను. ఇప్పుడు ఆ టైటిల్స్ దాటేస్తాను.

జగ్గడు_2004 · శనివారం రాత్రి 11:02

సరే, ఒప్పుకుంటున్నా. ఇవాళ బ్లాక్ సన్ ఎపిసోడ్‌లో కోనిగ్, ప్రొఫెసర్ బెర్గ్‌మన్ ఇద్దరూ చావు ఖాయమని కూర్చుని చలికి వణుకుతూ పాత సీసా తీసి తాగుతూ మాట్లాడుకుంటారే, అది స్పీడ్ పెంచకుండా చూశా. ఆ ప్రొఫెసర్ ఎవరు? బాగున్నాడు.

పెన్నాఒడ్డు · శనివారం రాత్రి 11:30

బారీ మోర్స్. ఆయన్ని మొదటి సీజన్‌లోనే కడుపునిండా చూసుకో. రెండో సీజన్‌లో ఉండడు. ఎందుకు లేడో, ఏమయ్యాడో తెర మీద ఒక్క మాట లేదు. కొత్త నిర్మాత ఫ్రెడ్ ఫ్రైబర్గర్ వచ్చాడు, స్టార్ ట్రెక్ మూడో సీజన్ చేసినాయన. సెట్ చిన్నదైంది, సంగీతం మారింది, ఏ జంతువుగానైనా మారగల మాయా అనే అమ్మాయి వచ్చింది. పేరుకు తగ్గ పనే! పిల్లలకు ఆమె అంటే ప్రాణం, నాకూ అప్పుడు అంతే. ఇప్పుడు మాత్రం బెర్గ్‌మన్ కోసం చూస్తున్నాను.

అందులో ఒక ఎపిసోడ్ ఉంది, పువ్వు కోసి కాయ తిన్నందుకు చెట్లు కోర్టు పెడతాయి. పువ్వు కోయబోతే పూలు ఏడ్చే పద్యం బళ్లో చదువుకున్నవాళ్లం, మనకిది కొత్తేం కాదు. పేరు రూల్స్ ఆఫ్ ల్యూటన్. ల్యూటన్ అన్నది దారిలో ఊరి బోర్డు మీద నిర్మాతకు కనిపించిన పేరట.

బెల్‌బాటమ్_బాబాయ్ · శనివారం రాత్రి 11:41

అంటే మనవాడు సూళ్లూరుపేట బోర్డు చూసి గ్రహానికి ఆ పేరు పెట్టినట్టు. ఆ ఊరికి అయితే నిజంగానే సరిపోతుంది, పక్కనే శ్రీహరికోట.

పాలమూరు_పిల్లోడు · మూడు వారాల తర్వాత, ఆదివారం ఉదయం 6:10

డ్రాగన్స్ డొమైన్ చూసిన రాత్రి. ఒక్కన్నే చూసిన, తప్పు చేసిన. పాడుబడ్డ నౌకల నడుమ, ఒంటి కన్ను దీపం లెక్క వెలుగుకుంట ఆ తొండాల రాకాసి, మనుషుల్ని మింగి పొగలు కక్కే ఎముకలు బయటికి ఉమ్ముతది. నాకు అరవై దాటినయి. లేచి వరండా లైటు వేసి వచ్చిన.

పెన్నాఒడ్డన్నా, ఇది ఎనిమిదేండ్లకు ఎట్ల చూసినవ్?

పెన్నాఒడ్డు · ఆదివారం ఉదయం 8:55

సోఫా వెనక నుంచి చూశాను. నిన్న రాత్రి మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని చూశాను, ఆవిడకిప్పుడు ఎనభై నాలుగు. రాకాసి వచ్చినప్పుడు ఆవిడ మొహమే చూస్తున్నా. ఏ చలనం లేదు. అయిపోయాక అడిగాను, ఇది గుర్తుందా అమ్మా అని.

"ఆ దెయ్యం గుర్తులేదు గానీ, టీవీ అద్దె కోసం ప్రతి నెలా ఒకడు వచ్చేవాడు, తలుపు అదేపనిగా కొట్టేవాడు. వాడు గుర్తున్నాడు" అంది. కాసేపాగి, "వీళ్లు మళ్లీ ఇంటికి పోతారా?" అని అడిగింది. సీరియల్‌లో పోరని చెప్పాను. 1999 సెప్టెంబరు 13న, లాస్ ఏంజిలెస్‌లో అభిమానుల సభలో ఒక చిన్న ఫిల్ము చూపించారనీ, సాండ్రా పాత్ర వేసిన జీనియా మెర్టన్ మళ్లీ అదే పాత్రలో వచ్చి ఆల్ఫా నుంచి చివరి సందేశం చదివిందనీ చెప్పాను. అది పెట్టమంది. చూసింది. "ఈ పిల్ల మన వైపు పిల్లలా ఉందే" అంది. బర్మాలో పుట్టిందని చెప్పాను. అప్పట్లో విశాఖ రేవు నుంచి పడవెక్కి రంగూన్ పోయిన తన పెద్దమామయ్య కథ మొదలుపెట్టింది. పన్నెండైంది పడుకునేసరికి.

వచ్చే శనివారం నుంచి తొమ్మిదికి కాదు, ఏడున్నరకు. ఎనిమిదిన్నరకు అమ్మ మాత్ర వేసుకోవాలి, వేసుకుంటే నిద్రొచ్చేస్తుంది. జగ్గూ, నువ్వు ఆఫీసు నుంచి వచ్చేస్తావా?

జగ్గడు_2004 · ఆదివారం ఉదయం 9:20

ఏడుంబావుకే వస్తా అన్నా. మొదట్లో మ్యూజిక్ మిస్ కాకూడదు.